పదిమందీ కలిసే ఉండాలా?

"ఏం చేసినా అందరం కలిసే ఉండాలి." బేగంపేటలో గోవా ట్రిప్పుకో బ్యాంకాక్ ట్రిప్పుకో వాట్సాప్ గ్రూపు పుట్టిన అరగంటలో ఈ మాట పడుతుంది. పెట్టేవాడు ఆ బ్యాచ్‌లో కాస్త బుద్ధిమంతుడే. కింద పది బొటనవేళ్ళు లేస్తాయి. క్షేమం గురించి ఆలోచించడం అంతటితో అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకుని విమానం టికెట్ల రేట్ల మీద పడతారు. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పి పంపేదీ ఇదే: "విడిపోకండిరా." పుష్కరాలకు వెళ్ళేవాళ్ళకు ఇది మంచి సలహా. రాత్రంతా మేలుకుని ఉండే ఊరికి వెళ్ళేవాళ్ళకు ఇంతకంటే చెడ్డ సలహా లేదని నా వాదన.

పదిమంది మూడు క్యాబుల్లో ఎక్కుతారు. ఒక బండిలో నలుగురికి మించి పట్టరు కదా. రాత్రి ఒంటిగంటకు ఒకడు బాత్రూంకు వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు. మొదటి బండివాళ్ళు వాడు రెండో దాంట్లో ఉన్నాడనుకుంటారు, రెండో బండివాళ్ళు మూడో దాంట్లో ఉన్నాడనుకుంటారు. రూముకొచ్చి బూట్లు విప్పాక గానీ సంగతి బయటపడదు. అదే ముగ్గురే వెళ్ళి ఉంటే, ఒకడు పది నిమిషాలు కనపడకపోతే మిగతా ఇద్దరూ వెతుకుతారు. గుంపు పెరిగేకొద్దీ కాపలా పెరుగుతుందనుకుంటాం. పెరిగేది పక్కవాడు చూస్తున్నాడులే అనే ధీమా మాత్రమే.

ఆ ధీమా దారి తప్పిన ఒక్కడి గొడవతో ఆగదు. 2023 మే నెల మొదట్లో పట్టాయాలో ఒక హోటల్ మీద థాయ్ పోలీసులు దాడి చేసి, జూదమాడుతున్నారని తొంభైమందికి పైగా పట్టుకున్నారు. అందులో ఎనభైమందికి పైగా మన దేశం వాళ్ళే, హైదరాబాద్ నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. థాయ్‌లాండ్‌లో అలాంటి జూదశాల నడపడమూ, అందులో కూర్చుని ఆడడమూ నేరమని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఎవరు ఏమనుకుని వెళ్ళారో నేను చెప్పలేను గానీ, ఒంటరిగా వెళ్ళాల్సినవాడు ఒక్క ఫోనైనా చేసి ఆరా తీస్తాడు. ఎనభైమందితో కలిసి విమానమెక్కేవాడికి ఆరా తీయాలన్న బుద్ధే పుట్టదు. ఇంతమంది తప్పు చేస్తారా అనిపిస్తుంది. అదే దేశంలో ఈ-సిగరెట్ కూడా నిషిద్ధమే. మనవాళ్ళ బ్యాచ్‌లో ఒకడి జేబులో అది ఉంటుంది, మిగతావాళ్ళందరికీ తెలిసే ఉంటుంది, తీసెయ్యమని చెప్పేవాడు ఉండడు.

గోవావాళ్ళకు గుంపుల సంగతి మనకంటే బాగా తెలుసు. 2019లో అక్కడి పర్యాటక స్థలాల చట్టాన్ని సవరించినప్పుడు బీచుల్లో బహిరంగంగా మందు తాగినా, వంట చేసుకున్నా జరిమానా పెట్టారు: అప్పట్లో ఒక్కడైతే 2,000 రూపాయలు, గుంపైతే 10,000. జరిమానా ఎంతైనా పదిమందిమి పంచుకుంటే చవకే అని లెక్కగట్టే మహానుభావుడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. వాడే అందరికీ కలిపి ఒక పెద్ద విల్లా కూడా వెతికి పెడతాడు. ఈత కొలను ఉంటుంది, ఫొటోలు బాగుంటాయి, తలకింతని చూస్తే చవక. అది ఏ అస్సగావ్ లోపలో, సియోలిం అవతలో ఉంటుంది. వీళ్ళు రాత్రుళ్ళు గడపాలనుకున్నది బాగాలో, అంజునాలో. హైదరాబాద్‌లో లాగా ఫోన్ తీసి ఉబర్ పిలుద్దామంటే గోవాలో కుదరదు. 2018 నుంచి గోవామైల్స్ ట్యాక్సీ యాప్ ఉంది గానీ, అర్ధరాత్రి పల్లె సందులోకి మూడు బండ్లు ఒకేసారి దొరకడం అదృష్టం. దాంతో సొంతంగా నడుపుకునే అద్దె బండ్లు తీసుకుంటారు. నల్ల పలక మీద పసుపు అక్షరాలున్న బండే చట్టబద్ధమైన అద్దె బండి. తెల్ల పలక బండి ఎవరో తన సొంత బండిని చాటుగా అద్దెకిచ్చినట్టు లెక్క. సరే, బండి మంచిదే దొరికింది. తాగి నడిపేదెవరు? వంద మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 30 మిల్లీగ్రాములు మించితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. నడిచి వెళ్ళగలిగినంత దూరంలో నాలుగు మామూలు గదులు తీసుకుని ఉంటే ఈ ప్రశ్నే రాదు.

ఇక్కడే తాగనివాడి కథ చెప్పాలి. ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. "నువ్వు తాగవు కదరా" అనే ఒక్క కారణంతో వాడే డ్రైవర్, వాడే పర్సు మోసేవాడు, వాంతి చేసుకున్నవాడి తల పట్టుకునేవాడూ వాడే. తెల్లవారి బిల్లు పదిమందికీ సమానంగా పంచుతారు. ఒక సోడా, ఒక ప్లేటు పల్లీలు తిన్న ఆ పిల్లవాడు మూడు సీసాల విస్కీలో పదో వంతు కడతాడు. కట్టనంటే స్నేహం తెలియదంటారు. ఇంత పచ్చి దోపిడీని దాని సొంత పేరుతో పిలవం, "అందరం ఒకటే కదా" అంటాం. మందు లెక్క వేరు, తిండీ గదుల లెక్క వేరు అని బయల్దేరే ముందే అనుకుంటే ఎవరి ముఖమూ మాడదు. బండి నడిపినవాడికి ఆ రాత్రి భోజనం మిగతావాళ్ళు పెట్టించాలి కూడా.

మన హైదరాబాద్‌కొచ్చే గుంపులదీ ఇదే వరస. వరంగల్ నుంచో విజయవాడ నుంచో శనివారం దిగే కుర్రాళ్ళకు గచ్చిబౌలిలోనే రూము తీసుకోమని సలహా చెబుతారు, పబ్బులన్నీ అటే ఉన్నాయని. ఒకప్పుడు ఆ సందడి మా బేగంపేటది. బాటిల్స్ అండ్ చిమ్నీ, టెన్ డౌనింగ్ స్ట్రీట్ పబ్బుల పేర్లు చెబితే ఇప్పుడు నలభై దాటినవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. 2008 మార్చిలో ఇక్కడి విమానాశ్రయం శంషాబాద్‌కు వెళ్ళిపోయింది, జోరు కూడా మెల్లగా పడమటి దిక్కుకు జరిగింది. (ఇక్కడి రాత్రి జీవితాన్ని అందరికంటే శ్రద్ధగా గమనించినవాడు రొనాల్డ్ రాస్. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన 1897 ఆగస్టు 20న కనుక్కున్నది బేగంపేటలోనే.) అయినా గుంపుకు బసగా బేగంపేటే మేలంటాను. నాగోలు, రాయదుర్గం మధ్య తిరిగే మెట్రో ఎక్కితే, బండి మారకుండా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా వెళ్ళొచ్చు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే, బేగంపేటకు సొంత రైల్వే స్టేషన్ కూడా ఉండనే ఉంది. బార్లు మామూలు రోజుల్లో అర్ధరాత్రి దాకా, శుక్ర శనివారాల్లో ఒంటిగంట దాకా తెరిచి ఉంటాయి; మెట్రో అంతకుముందే ఆగిపోతుంది. పదింటికే నిద్ర ముంచుకొచ్చినవాడు మెట్రో ఎక్కి హాయిగా వచ్చి పడుకోవచ్చు, మిగతావాళ్ళు క్యాబులో వస్తారు. కానీ "కలిసే రావాలి" అనే వ్రతం పట్టినవాళ్ళు వాణ్ణి ఒంటిగంట దాకా సోఫాలో కునికిపాట్లు పడనిస్తారు.

పైగా చాలా పబ్బుల గుమ్మం దగ్గర పదిమంది మగపిల్లలు ఒక్కసారి కనిపిస్తే బౌన్సర్ చెయ్యి అడ్డం పెడతాడు. స్టాగ్స్‌కు, అంటే జంట లేని మగవాళ్ళకు, ఎంట్రీ లేదంటాడు, లేకపోతే కవర్ ఛార్జ్ పెంచి చెబుతాడు. జంటలున్న చిన్న బృందాలు పక్కనుంచి లోపలికి పోతుంటాయి. అది న్యాయమా అంటే కాదు. వీళ్ళు రోడ్డు మీద గంటసేపు న్యాయం కోసం వాదించి ఏ బిర్యానీ పాయింట్‌కో వెళ్ళి కూర్చోవడమూ నిజమే.

"ఆడపిల్లలు ఉంటేనో?" అని అడుగుతారు. అడగాల్సిందే. ఇద్దరేసి, ముగ్గురేసి జట్లు కట్టి, ఎవరు ఎవరి బాధ్యతో పేరు పెట్టి చెప్పుకున్న అమ్మాయిలకు ఉండే భద్రత, పన్నెండుమంది మధ్య ఊరికే నిలబడ్డ అమ్మాయికి ఉండదు. ఆ పన్నెండుమందిలో సగం స్నేహితుల స్నేహితులే. ఆమె "నేను వెళ్తాను" అంటే "ఇంకో అరగంట ఆగు, అందరం పోదాం" అని ఆపేది కూడా ఆ గుంపే. వెళ్ళాలనిపించినప్పుడు వెళ్ళగలగడమే ఆమెకు అసలు రక్షణ. అందుకు జతలో ఒకరు మారుమాట లేకుండా వెంట లేవాలి.

కలిసి వెళ్ళొద్దని నేననడం లేదు. సికింద్రాబాద్ నుంచి గోవాలోని వాస్కోకు వారానికి రెండు రోజులు నడిచే రైల్లో రోజు పొడవునా పులిహోర పంచుకుంటూ పేకాడుకోండి, అది పదిమందితోనే బాగుంటుంది. పగలు సముద్రం దగ్గరా కలిసే ఉండండి. చీకటి పడ్డాక మాత్రం మూడు జట్లు చేయండి. జట్టుకు ఒకడు ఆ రాత్రికి తాగడు, మర్నాడు ఆ వంతు ఇంకొకడిది. గది తాళం రెండోది అడిగి తీసుకోండి. హోటల్ పేరున్న కార్డు, థాయ్‌లాండైతే పాస్‌పోర్ట్ నకలు ఎవరి జేబులో వాళ్ళు పెట్టుకోవాలి, అన్నీ ఒక్కడి బ్యాగులో కాదు. ఏ క్లబ్బుకు వెళ్ళినా కూర్చునే ముందు రెండో తలుపు ఎక్కడుందో చూడండి. 2017 డిసెంబరులో ముంబై కమలా మిల్స్ పబ్బు మంటల్లో 14 మంది పోయారు. మర్నాడు పదింటికి టిఫిన్ దగ్గర కలుద్దామని ముందే అనుకోండి. ఆ వేళకు రానివాడి కోసం వాడి జట్టువాళ్ళు వెళ్ళి గది తలుపు కొట్టాలి. పదింటికి ముందు మాత్రం ఎవరి తలుపూ కొట్టకండి.