ఆటలోని కథను తెలుగులో చెప్పించండి

షోలాపూరు తూర్పు భాగాన, మరమగ్గాల వాడల్లో, మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ. తెలుగు వాచకం తెరవమంటే విసుగు. ఆ పిల్లల్లోనే కొందరు, పాత ఆటపెట్టెలను కంప్యూటరులో అనుకరించే ఎమ్యులేటరు పెట్టుకుని, జపాను కథాక్రీడలు గంటలకొద్దీ ఆడుతారు. తల్లిదండ్రులారా, మందలించే ముందు ఆ తెరను ఒకసారి చూడండి. అక్కడ పాత్రల మాటలు చదవనిదే ముందుకు దారి దొరకదు.

1992లో వెలువడిన ‘ఫైనల్ ఫాంటసీ 5’ మొదట జపాను భాషలోనే వచ్చింది. 1990ల చివర అభిమానులే దానిని ఆంగ్లీకరించి ఎమ్యులేటరులో ఆడుకున్నారు. 2006 నాటి ‘మదర్ 3’కి 2008లో అలాగే జరిగింది. వారికి జీతం లేదు, ఆజ్ఞ లేదు. నచ్చిన కథ తమకు తెలిసిన భాషలో కావాలన్న కోరిక ఒక్కటే.

ఆ కోరికను తెలుగు వైపు మళ్ళించడం మన పని. ఉపాధ్యాయులారా, వారానికొకసారి ఆ కథను తెలుగులో చెప్పించండి. ఒక సంభాషణనైనా అనువదింపజేయండి. ఖడ్గం, సత్రం, శాపం వంటి మాటలు అప్పుడు వారికి నిజంగా అవసరమవుతాయి. అవసరపడి నేర్చిన మాటను పిల్లలు మరువరు. గంట ఆటకు పుట తెలుగు: ఈ ఒప్పందం ఇంటింటా కుదరాలి.