ముందు వేగం, తర్వాతే గేరు

మయూర్ విహార్‌లో పాత కారు ఉన్నవాళ్లకు ఆదివారం ఒక పరీక్ష. వారమంతా అక్షర్‌ధామ్ దగ్గరా, నోయిడా మోడ్ దగ్గరా ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్య పాకిన బండి ఆ ఒక్కరోజు నోయిడా దాటి యమునా ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కుతుంది. గ్రేటర్ నోయిడా నుంచి ఆగ్రా దాకా 165 కిలోమీటర్ల కాంక్రీటు రోడ్డు అది. 2012లో ప్రారంభమైంది. కార్లకు మామూలు వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు. నాలుగు గేర్ల చిన్న కారు 90 దాటేసరికి ఇంజిను రొదలో వెనక సీటువాళ్ల మాట ముందు సీటుకు వినపడదు. డ్రైవరు చెయ్యి లేని అయిదో గేరు కోసం తడుముకుంటుంది.

మర్నాడు మెకానిక్ దగ్గర మూడు ప్రశ్నలు మొదలవుతాయి. పెద్ద టైర్లు వేద్దామా? క్రౌన్ పినియన్ మారుద్దామా? అయిదు గేర్ల బాక్సు పెడదామా? ఈ మూడింటికన్నా ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఈ కారు ఏ వేగంలో హాయిగా, భద్రంగా వెళ్లగలదు? ఆ అంకె తెలియకుండా గేరు మార్చడం కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టించినట్టే.

పాత కార్లు తమ కాలపు రోడ్ల కోసం తయారయ్యాయి. మారుతి 800 తొలి కారు తాళాలను 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరా గాంధీ అందజేశారు. అప్పటికి దేశంలో ఆరు వరుసల ఎక్స్‌ప్రెస్‌వే ఒక్కటి కూడా లేదు. ఎద్దుబండి వెనక వేగం తగ్గించుకుని, మళ్లీ పుంజుకుని, లారీని దాటాల్సిన రోడ్లవి. ఆ పనికి నాలుగు గేర్లు సరిపోయాయి. అయిదో గేరు ఆ కారు తర్వాతి రకాల్లో కొన్నింటికి వచ్చింది.

ఇక లెక్కకు వద్దాం. టైరు పక్కన 145/70 ఆర్ 12 అని ఉంటే ఆ చక్రం చుట్టుకొలత సుమారు 1.6 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1,333 మీటర్లు, అంటే చక్రం నిమిషానికి 833 సార్లు తిరగాలి. టాప్ గేరు నిష్పత్తిని డిఫరెన్షియల్ నిష్పత్తితో హెచ్చిస్తే 4 వచ్చిందనుకుందాం. చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిను నాలుగుసార్లు తిరుగుతుంది. 80 వేగంలో ఇంజిను 3,330 చుట్లు, 100 వేగంలో 4,170 చుట్లు. అయిదో గేరుతో ఆ నిష్పత్తి 3.3కి తగ్గితే ఇవే అంకెలు 2,750, 3,440 అవుతాయి.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. అయిదో గేరులో 100 మీద వెళ్లినా, ఉన్న నాలుగో గేరులోనే 80 మీద వెళ్లినా ఇంజిను తిరిగే వేగం దాదాపు ఒక్కటే. మొదటిదానికి గేర్‌బాక్స్ ఖర్చవుతుంది. రెండోదానికి కుడికాలు కాస్త పైకి తీస్తే చాలు. పైగా గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ నిరోధాన్ని నెట్టడానికి కావాల్సిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే గాలిని చీల్చుకుపోవడానికి కావాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. ఇంజిను నెమ్మదిగా తిరిగినంత మాత్రాన ఈ భారం తగ్గదు.

పెద్ద గేరుతో లాభం లేదని కాదు. అదే వేగానికి ఇంజిను తక్కువ చుట్లు తిరిగితే లోపలి రాపిడి తగ్గుతుంది. థ్రాటిల్ ఎక్కువగా తెరుచుకుంటుంది కాబట్టి గాలిని లోపలికి పీల్చుకోవడంలో వృథా అయ్యే శ్రమ తగ్గుతుంది. మైలేజీ కొంత మెరుగుపడుతుంది, చెవులకూ ఊరట. అయితే దీనికి చెల్లించే మూల్యం పికప్. 800 సీసీ ఇంజిను 3,330 చుట్ల దగ్గర సుమారు 20 కిలోవాట్ల శక్తి ఇవ్వగలిగితే, 2,750 దగ్గర ఇచ్చేది 17 మాత్రమే. నలుగురు ఎక్కిన కారుకు చదును రోడ్డు మీద 80 వేగం నిలబెట్టడానికే ఏడు కిలోవాట్ల దాకా కావాలి. నూరు మీటర్లకు నాలుగు మీటర్లు లేచే ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు మరో తొమ్మిది కలుస్తాయి. ఏసీకి ఇంకో రెండు. మొత్తం 18. నాలుగో గేరులో బండి ఎక్కుతుంది. అయిదో గేరులో వేగం పడిపోతుంది. ఆక్సిలరేటర్ ఎంత తొక్కినా గుంజుకోలేక ఇంజిను టకటకమంటుంది. అది నిశ్శబ్దం కన్నా ప్రమాదకరం. అప్పుడు నాలుగుకు దించుకోవాలన్న తెలివిడి డ్రైవరుకు ఉండాలి.

అందుకే మూడు దారుల్లో మొదట ఆలోచించాల్సింది అదే రకం కారుకు తర్వాతి కాలంలో కంపెనీయే ఇచ్చిన అయిదు గేర్ల బాక్సు. కింది గేర్లు ఉన్నవి ఉన్నట్టుగా ఉంటే అదనంగా ఒకటి చేరుతుంది. క్రౌన్ పినియన్ మారిస్తే గేర్లన్నీ ఒక్కసారిగా పెద్దవవుతాయి. ఎక్స్‌ప్రెస్‌వే మీద దొరికిన సుఖానికి బదులు సోమవారం పొద్దున నోయిడా మోడ్ దగ్గర క్లచ్ కాలుతుంది. నెలలో రెండు ఆదివారాల కోసం ఇరవై ఆరు రోజుల ప్రయాణాన్ని చెడగొట్టుకోవడం తెలివైన పని కాదు. వెనక చక్రాలతో నడిచే కార్లలో స్పీడోమీటరు తీగ సాధారణంగా గేర్‌బాక్స్ నుంచే వస్తుంది. 4.3 నిష్పత్తి తీసి 3.9 వేస్తే, మీటరు 80 చూపేటప్పుడు కారు నిజానికి 88 మీద ఉంటుంది.

టైర్లు పెంచడం అన్నిటికన్నా నాసిరకం ఉపాయం. 145/70కి బదులు 145/80 వేస్తే చక్రం దాదాపు ఆరు శాతం పెద్దదవుతుంది. ఇంజిను చుట్లు తగ్గేది ఆ మేరకే. స్పీడోమీటరు అబద్ధం చెప్పేదీ ఆ మేరకే. పైగా బ్రేకు అదే బలంతో పట్టినా, పెద్ద చక్రం అంచు దగ్గర ఆ పట్టు తగ్గుతుంది.

అసలు విషయం ఈ బ్రేకుల దగ్గరే ఉంది. 80 నుంచి 100కి వెళ్తే కారులోని గతిజశక్తి 56 శాతం పెరుగుతుంది. దాన్నంతా వేడిగా మార్చి ఆపాల్సినవి ఆ పాత బ్రేకులే. ఎదురుగా ఏదో కనిపించి కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి ఒకటిన్నర సెకను పడితే, ఆ వ్యవధిలోనే కారు 80 వేగంలో 33 మీటర్లు, 100 వేగంలో 42 మీటర్లు పోతుంది. గేర్‌బాక్స్ మారింది కానీ బ్రేకులు, సస్పెన్షన్, సీటు బెల్టులు ముప్పై ఏళ్ల కిందటివే. ఇంజిను రొద ఇన్నాళ్లూ ఒక హెచ్చరికగా పనిచేసింది. దాని నోరు మూయించి 100 మీద హాయిగా కూర్చోవడం సుఖం కాదు, ఏమరుపాటు.

ఆ రొద అంతా ఇంజినుదేనా అన్నదీ చూసుకోవాలి. ఇంజిను మౌంటింగుల రబ్బరు గట్టిపడితే ప్రతి అదురూ బాడీలోకి వస్తుంది. తలుపు రబ్బర్లు పోతే గాలి ఈల వేస్తుంది. అరిగిన టైరు కాంక్రీటు మీద హోరెత్తుతుంది. వీటిలో ఏదీ అయిదో గేరుతో పోదు. కొన్ని వేల రూపాయలతో తీరే బాధకు గేర్‌బాక్స్ విప్పడం ఎందుకు?

ఖర్చుకు ముందు చట్టం కూడా చూడాలి. ఢిల్లీ చుట్టుపక్కల డీజిలు కార్లకు 10 ఏళ్లు, పెట్రోలు కార్లకు 15 ఏళ్లు అన్న పరిమితి 2014–15లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వులతో వచ్చింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత కూడా ఉత్తర్వులు మారుతూ వచ్చాయి. బండి ఇక్కడే ఉంటుందా, నిరభ్యంతర పత్రం తీసుకుని విజయవాడకో వరంగల్‌కో పంపాలా అన్నది తేలాకే మెకానిక్ దగ్గరికి వెళ్లడం మేలు.

ఆగ్రా దాకా ఉన్న 165 కిలోమీటర్లకు 100 వేగంలో 99 నిమిషాలు, 80 వేగంలో 124 నిమిషాలు. తేడా పాతిక నిమిషాలు, దారిలో ఒక టీ తాగేంత సేపు. రొద తగ్గాలంటే ముందు ఎడమ వరుసలో 80 మీద ఒక ఆదివారం వెళ్లి చూడాలి. అక్కడ కూడా ఇంజిను అరుస్తుంటే, బ్రేకులూ టైర్లూ బాగుంటే, అప్పుడు అయిదో గేరు కొనుక్కోవచ్చు. దాన్ని కొనుక్కునేది 80 మీద ప్రశాంతంగా వెళ్లడానికి. 100 దాటడానికి కాదు.