శస్త్రచికిత్స యైన గుఱ్ఱము – యజమానుని విధి

జబ్బుపడిన గుఱ్ఱమునకు శస్త్రచికిత్స చేయించి యింటికిఁ దోలుకొనివచ్చిన యజమానుని లోకము దయాళువని పొగడును. వైద్యునకు సొమ్ము చెల్లించుటతో తన ధర్మము తీఱినదని యాతఁడును దలఁచును. ఈ తలంపు తప్పని మా వాదము. వైద్యుఁడు చేసినది సగము పని. తక్కిన సగము ఇంటి కొట్టములో జరుగవలెను. అది జరుగనిచో మొదటి సగము గుఱ్ఱపు బాధను పొడిగించుటయే యగును.

శూలనొప్పికై చేయు శస్త్రచికిత్సనే తీసికొందము. గుఱ్ఱము వాంతి చేసికొనలేదు. ప్రేగు మెలివడినప్పుడు లోనిది వెలికివచ్చు దారి లేదు. ఔషధములకు లొంగనిచో మత్తునిచ్చి, వెల్లకిలఁ బరుండఁబెట్టి, ఉదరమధ్యరేఖ వెంబడి కోసి, ప్రేగును సరిచేసి కుట్టుదురు. మనుష్యుఁడు పడకపైఁ గోలుకొనును. గుఱ్ఱము చాలవఱకు నిలుచుండియే కోలుకొనవలెను గాన ప్రేగుల బరువు కుట్టుపైఁ బడుచునే యుండును. పైచర్మము కొలఁది వారములలో మానినట్లు కనఁబడినను లోపలి పొర గట్టిపడుటకు నెలలు పట్టును. అందుచేత సాధారణముగా మొదటి నెల కొట్టములో విశ్రాంతి, చేతఁ బట్టుకొని కొలఁది నడక. రెండవ నెల చిన్న దొడ్డిలో సంచారము. స్వారియైనను బండియైనను సుమారు మూఁడు నెలల పిమ్మట, వైద్యుని యనుమతితో మాత్రమే.

ఈ నియమమును మనవారు రెండువిధముల భంగపఱచుచున్నారు. ముహూర్తములు రాఁగానే "కుట్టు మానినది గదా" యని జీను వేసి, వరుని నెక్కించి, బాజాల నడుమ, టపాకాయల మ్రోఁతలో నడివీథిని నిలుపుట యొకటి. ఇది లోభము. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టములోని 11వ విభాగము రోగముచేతఁ గాని గాయముచేతఁ గాని పనికిఁ దగని జంతువును పనిలోఁ బెట్టుటను క్రూరకృత్యముగా నెన్నినది. "పాపము, చిక్కినది" యని వచ్చిననాఁడే ఉలవలు కుమ్మరించుట రెండవది. ఇది ప్రేమ పేరిటి యజ్ఞానము. ప్రేగు తేఱుకొనువఱకు గడ్డిని కొంచెము కొంచెముగా పలుమాఱులు పెట్టవలెను. గింజలు వైద్యుఁడు చెప్పినప్పుడే. అవి మితిమీఱినచో శూల మరల రావచ్చును; డెక్కలోపల వాపు పుట్టి గుఱ్ఱము కుంటిపడవచ్చును.

ఆ వాపెంత ఘోరమో యొక్క నిదర్శనము చాలును. అమెరికాలో 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరో యను గుఱ్ఱమునకు ఆ మే నెలలోనే మఱియొక పందెమున వెనుక కుడికాలు విఱిగెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్యులు ఎముకలను లోహపు పలకతోను మరలతోను కూర్చిరి. అయినను దేహభారమును మోసిన ఎడమకాలి డెక్క చెడి, 2007 జనవరి 29న దానికి బాధ లేని మరణము నీయవలసివచ్చెను. అంతటి వైద్యుల కంటియెదుటనే యిట్లైనప్పుడు, అజాగ్రత్తగల కొట్టములో నేమి కాదు?

"భారతమున సైంధవవధదినమున శ్రీకృష్ణుఁడు గాయపడిన గుఱ్ఱములను సేదదీర్చి మరల రథమునఁ బూన్పలేదా?" యని కొందఱందురు. ఆయన మొదట వానిని విప్పి, బాణములను దీసి, స్వహస్తములతో నిమిరి, నీరు ద్రావించి, మేపెను. అది యర్జునుని ప్రాణములకు సంబంధించిన ప్రతిజ్ఞాదినము. పెండ్లియూరేగింపు అంతటి యాపదయా?

"బీదవానికిదంతయు సాధ్యమా?" యన్న ప్రశ్న మాత్రము న్యాయమైనది. పొడిగానుండు పఱపు, మంచినీరు, జ్వరమాపకము, ఒక పుస్తకము – ఇవి బీదవానికిని అందును. జ్వరము 101 డిగ్రీల ఫారన్‌హీటు దాఁటుచున్నదా? నెమ్మదిగా నిలుచున్నప్పుడు నాడి నిమిషమునకు 44కు మించుచున్నదా? ఎన్నిమాఱులు లద్ది వేసినది? కుట్టు వాచినదా, స్రవించుచున్నదా? డెక్క వేఁడిగానున్నదా? ప్రతిదినమును చూచి వ్రాసికొని, తేడా కనఁబడిన తోడనే వైద్యునకుఁ దెలుపవలెను. అందనిది మూఁడు నెలల జీవనోపాధి. కాఁబట్టి యా లెక్క కత్తి పట్టకముందే యజమానుఁడు అడుగవలెను, వైద్యుఁడు చెప్పవలెను. సాకలేనివాఁడు సాకఁగలవారికి నప్పగించుట మేలు.

చదువరులారా! దోషమంతయు గుఱ్ఱపువానిదే యని తప్పించుకొనవలదు. బాడుగ యిచ్చునది మన యిండ్లే. పెండ్లికి గుఱ్ఱ మక్కఱలేదనుట యుత్తమము. అది సాధ్యపడనిచో జీనుక్రింది వీపును, కడుపుక్రింది కుట్టును వంగి చూచి, గాయమున్నదానిని త్రిప్పి పంపుఁడు. బేరము పోవునను భయము పుట్టిననాఁడు దానికి విశ్రాంతియు దొరకును.