ఫోకస్ పోతే పని అయిపోయినట్టేనా?

డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్ నేర్పేవాళ్ళు చాలామంది మొదట్లోనే ఒక సూత్రం ఒప్పజెబుతారు. టెక్స్ట్‌బాక్స్‌లోంచి ఫోకస్ బయటికి పోయిందంటే యూజర్ అందులో రాయాల్సింది రాసేశాడు. కాబట్టి ఆ క్షణాన్ని పట్టుకో, రాసింది సరిచూడు, తప్పుంటే మెసేజ్ చూపించి కర్సర్‌ని మళ్ళీ అక్కడికే లాక్కురా. విజువల్ బేసిక్ రోజుల నుంచీ ఇదే పాఠం. బిల్లింగ్ కానివ్వండి, అకౌంట్లు కానివ్వండి, ఫారం వెనక, ఫోకస్ పోగానే లేచే లాస్ట్‌ఫోకస్ ఈవెంట్ తెరిస్తే ఈ తంతే కనిపిస్తుంది. కోడ్ సరిగా రాయకపోవడం దీనిలో అసలు లోపం కాదు. ఎంత చక్కగా రాసినా ఇది తప్పే, ఎందుకంటే దాని పునాదిలో ఉన్న ఊహే తప్పు.

ఇప్పుడు కీ నొక్కితే ఏ కంట్రోల్‌కి చేరుతుందో, ఫోకస్ చెప్పేది అంతే. యూజర్ పని ముగించాడో, మధ్యలో ఆపాడో దానికి తెలియదు.

బిల్లు ఫారంలో పరిమాణం, ధర అని పక్కపక్కనే రెండు బాక్సులు ఉన్నాయనుకోండి. ఖాళీగా వదలకూడదని రెండింటికీ లాస్ట్‌ఫోకస్‌లో తనిఖీ పెట్టారు. యూజర్ పరిమాణం నింపకుండా ట్యాబ్ నొక్కాడు. పరిమాణం కోడ్ లేచేసరికి ఫోకస్ ధర బాక్సుకి చేరిపోయింది. ఈ కోడ్ దాన్ని వెనక్కి లాగింది. వెనక్కి లాగడమంటే ధర బాక్స్ ఫోకస్ కోల్పోవడమే కదా! అదీ ఖాళీయే కనుక దాని కోడ్ తనవైపు లాగింది. మెసేజ్ మీద మెసేజ్. చివరికి టాస్క్ మేనేజర్ తెరిచి ప్రోగ్రాంని చంపడమే దిక్కు. ఇలాంటి తనిఖీల కోసమే మైక్రోసాఫ్ట్ 1998లో విజువల్ బేసిక్ 6తో వాలిడేట్ అనే వేరే ఈవెంట్ ఇచ్చింది. డాట్‌నెట్‌లో ఫారాలు కట్టే విన్‌ఫామ్స్ డాక్యుమెంటేషన్ అయితే లాస్ట్‌ఫోకస్ లాంటి ఫోకస్ ఈవెంట్లలో ఫోకస్ మార్చొద్దని, మారిస్తే ప్రోగ్రాం బిగుసుకుపోవచ్చని నేరుగానే హెచ్చరిస్తుంది. చదివేదెవరు?

అసలు ప్రమాదం ఈ గొడవ కాదు, చప్పుడు లేకుండా జరిగేది. విన్‌ఫామ్స్‌లో టూల్‌బార్ బటన్ నొక్కితే మామూలుగా ఫోకస్ కదలదు. ఆఖరి అంకె కొట్టి, పైనున్న సేవ్ బొమ్మ నొక్కితే ఫోకస్ బాక్స్‌లోనే ఉంటుంది. తనిఖీ కోడ్ లేవదు. తప్పు అంకె నేరుగా డేటాబేస్‌లోకి పోతుంది. డాట్‌నెట్‌లోని మరో ఫారం సాధనం డబ్ల్యూపీఎఫ్‌లో ఇంకా విచిత్రం. అక్కడ టెక్స్ట్‌బాక్స్‌ని డేటాతో కలిపే బైండింగ్ తన విలువను డేటాకి అందించేది, వేరుగా చెప్పకపోతే, లాస్ట్‌ఫోకస్ సమయంలో. కానీ టూల్‌బార్‌కి తనదైన ఫోకస్ పరిధి ఉంటుంది. కీబోర్డ్ ఫోకస్ అటు వెళ్ళినా, ఫారం తన పరిధిలో గుర్తుపెట్టుకునే లాజికల్ ఫోకస్ బాక్స్‌ని వదలదు, కాబట్టి లాస్ట్‌ఫోకస్ లేవదు. 200ని 250గా మార్చి సేవ్ నొక్కితే తెర మీద 250 కనిపిస్తుంది, సేవ్ అయ్యేది పాత 200. యూజర్ కళ్ళతో చూసింది ఒకటి, దాచుకున్నది ఇంకొకటి.

ఈవెంట్ల వరుసైనా నిలకడగా ఉందా అంటే అదీ లేదు. విన్‌ఫామ్స్‌లో ట్యాబ్‌తో కదిలితే లాస్ట్‌ఫోకస్, తనిఖీ కోసం ఉన్న వాలిడేటింగ్ ఈవెంట్ తర్వాత వస్తుంది, మౌస్‌తో కదిలితే ముందే వస్తుంది. ధర చూసుకుందామని ఆల్ట్-ట్యాబ్‌తో ఎక్సెల్‌కి వెళ్ళినా లాస్ట్‌ఫోకస్ లేస్తుంది. దరఖాస్తు నింపుతున్న మనిషి నంబరు చూసుకోవడానికి జేబులో చెయ్యి పెట్టగానే కాగితం లాక్కుని “ఇది నింపలేదేం?” అని గద్దించే గుమస్తా ఎలాంటివాడో ఈ కోడ్ అలాంటిది. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో పనిచేసే అంధులకైతే ఫోకసే చూపు. దాన్ని ప్రోగ్రాం తన ఇష్టానికి గుంజితే తామెక్కడున్నారో వాళ్ళకి తెలిసేదెలా?

తప్పుని అక్కడికక్కడ చెప్పకుండా నలభై బాక్సులు నింపాక చెబితే యూజర్ తిట్టుకోడా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చెప్పండి, ఎవరొద్దన్నారు? రాస్తుండగానే బాక్స్ పక్కన ఎర్ర గుర్తు పెట్టండి. విన్‌ఫామ్స్‌లో అందుకోసం ఎర్రర్‌ప్రొవైడర్ ఉండనే ఉంది. మనిషిని మాత్రం ఆపకండి. ఆపాల్సిన చోటు ఒక్కటే, సేవ్. ఫోకస్ ఎక్కడున్నా సరే, అక్కడ అన్ని విలువలూ మొదటి నుంచి చూడాలి. సేవ్ దగ్గర ఎలాగూ చూడాల్సిందే అయినప్పుడు, దారి పొడుగునా కాపలా ఎందుకు?

ఫోకస్ ఈవెంట్లు దండగని కాదు. తర్వాతి కీ ఎటు వెళుతుందో తెలిస్తే చాలనుకునే పనులకి అవే సరైనవి. పేరు తెలుగులో, ఫోన్ నంబరు ఇంగ్లీషు అంకెల్లో రాయించే ఫారం తీసుకోండి. పేరు బాక్స్‌లోకి ఫోకస్ రాగానే లేచే ఎంటర్ ఈవెంట్‌లో ఇన్‌పుట్ భాషని తెలుగుకి మార్చితే, ఆపరేటర్ ప్రతిసారీ కీబోర్డ్ మార్చుకునే బాధ తప్పుతుంది. నంబరు బాక్స్ తన ఎంటర్‌లో ఇంగ్లీషుకి మార్చుకుంటుంది. లాస్ట్‌ఫోకస్‌లో ఒక్క లైను కూడా అక్కర్లేదు.