వెనక సీట్లో కూర్చుని చూడండి

కోదాడ నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం పది రోజులుగా నా బల్ల మీదే ఉంది. "అక్కా, మా ఇంట్లో కారు కొంటున్నాం. చిన్న కారే, కానీ చూస్తే పెద్దింటి కారులా ఉండాలని మా ఆయన పంతం. ఫారిన్ కంపెనీ పేరున్నదే కావాలంటారు. నీకేం తెలుసు కార్ల సంగతి అని నన్ను అడగనే అడగరు. కిస్తీ మాత్రం ఇంటి ఖర్చులోంచే పోవాలి. నేను ఏం చూడాలో చెప్పక్కా" అని.

చదవగానే నవ్వొచ్చింది, వెనకాలే కొంచెం కోపమూ వచ్చింది. బియ్యం బస్తా విప్పి గుప్పెడు తీసి అరచేతిలో రుద్ది చూసేది మనం. చీర అంచు తిరగేసి నేత చూసేది మనం. లక్షలు పోసి కారు కొనేటప్పుడు మాత్రం "నీకేం తెలుసు"! పైగా ఆ కారులో ముందు కూర్చునేది ఆయన. పిల్లల్నీ, అత్తగారినీ, టిఫిన్ డబ్బాల్నీ పెట్టుకుని వెనక కూర్చునేది మనం.

పరువు అక్కర్లేదని నేననను. మొన్న మిర్యాలగూడలో మా ఆడపడుచు వాళ్ల బంధువుల పెళ్లికి వెళ్లాం. రైసు మిల్లుల ఊరు కదా, ఫంక్షన్ హాలు ముందు బారులు తీరిన కార్లు. లోపలికి అడుగు పెట్టామో లేదో ఒక పెద్దావిడ "ఏ కార్ల వచ్చిన్రు బిడ్డా?" అని అడిగింది, భోజనం చేశారా అన్నంత మామూలుగా. ఆ ప్రశ్నకు గట్టిగా జవాబు చెప్పాలన్న ఆశ ఎవరికి ఉండదు చెప్పండి? మా చిన్నతనంలో సూర్యాపేటలో కారంటే ఏ డాక్టరుగారి ఫియట్టో, ఏ వ్యాపారి అంబాసిడరో. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించాక గదా, చిన్న కారు కొనడం చిన్నతనం కాదని మధ్యతరగతికి ధైర్యం వచ్చింది. ఆ తర్వాత 1993లో జెన్, 1998లో శాంత్రో, మాటిజ్, ఇండికా. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. ఇప్పుడు చిన్న కారు అంటే ఎవరూ ఒప్పుకోరు, "ప్రీమియం" అనాలి!

ఈ ప్రీమియంలో ఒక తమాషా ఉంది. ఐ20, బెలీనో, ఆల్ట్రోజ్ ఏది కొలిచినా నాలుగు మీటర్లకు కాస్తంత లోపే ఉంటుంది. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజను 1200 సీసీ లోపు ఉంటేనే సర్కారు లెక్కలో చిన్న కారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అలాంటి వాటి మీద జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు 28 శాతం, పైన సెస్సు కూడా ఉండేది. అంటే ఎంత దర్జాగా కనిపించినా పన్ను వేసేవాడి దృష్టిలో అది చిన్న కారే. పెళ్లి హాలు దగ్గర ఈ ముక్క చెప్పకండి!

ఇక ఆయన పట్టుకున్న ఫారిన్ పేరు సంగతి. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే అయిదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి పరీక్షించింది. ఆల్టో, నానో, ఐ10, ఫిగో, పోలో. అయిదింటికీ పెద్దవాళ్ల రక్షణలో సున్నా చుక్కలే వచ్చాయి. అందులో పోలో జర్మనీ కంపెనీది, తలుపు వేస్తే బరువైన చప్పుడు వస్తుందని అందరూ మెచ్చుకునే బండి. పరీక్షకు వెళ్లింది ఎయిర్‌బ్యాగులు లేని రకం. అదే పోలోకు రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి మళ్లీ గుద్దిస్తే నాలుగు చుక్కలు వచ్చాయి. అదే పేరు, అదే తలుపు, అదే చప్పుడు! ఆ బండి అమ్మకం మన దగ్గర 2022లో ఆగిపోయింది గానీ, ఆ పాఠం మాత్రం నేను మర్చిపోలేదు. 2020లో మన టాటా వాళ్ల ఆల్ట్రోజ్‌కు అదే సంస్థ అయిదు చుక్కలు ఇచ్చింది.

రేకు మందంగా ఉంటే కారు గట్టిదని మా మరిది వాదన. నేను ఆయనకు కొబ్బరికాయ చూపించాను. పీచుతో ఉన్న కాయ చెట్టు మీంచి పడినా పగలదు, పీచు వలిచేసిన కాయ చేయి జారితే చాలు, పగులుతుంది. కారు ముందు భాగం ఆ పీచు లాంటిది, నలిగిపోయి దెబ్బను తాను మింగాలి. మనం కూర్చునే గది చిప్పలా చెక్కుచెదరకుండా ఉండాలి. షోరూములో బానెట్ మీద వేలితో కొట్టి చూస్తే అది తెలియదు. దానికే చుక్కలు. 2023 అక్టోబరు నుంచి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో ఈ పరీక్షలు మొదలుపెట్టింది. పెద్దవాళ్లకు వేరే చుక్కలు, పిల్లలకు వేరే చుక్కలు. సేల్స్ అబ్బాయి మొదటి లెక్క చెప్పి ఊరుకుంటే, రెండోది మీరు అడగండి.

ఇదంతా ఎందుకు సాగదీస్తున్నానంటే, మన రోడ్లు తెలిసినదాన్ని కనుక. సూర్యాపేట, కోదాడ మీదుగా పోయేది హైదరాబాదు–విజయవాడ హైవే. మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు. కోతల రోజుల్లో ధాన్యం లారీలు, వెనక ఎర్రలైటు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీదే ఆరబోసిన వడ్లు. 2014 డిసెంబరు 6న మునగాల మండలం ఆకుపాముల దగ్గర ట్రాక్టరును ఢీకొని నందమూరి జానకిరామ్ పోయారు. 2018 ఆగస్టు 29న నల్గొండ దగ్గర అన్నెపర్తిలో ఆయన తండ్రి హరికృష్ణ గారు పోయారు, సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. తండ్రీ కొడుకులవి చిన్న కార్లు కావు. 2022 సెప్టెంబరులో ముంబై దారిలో సైరస్ మిస్త్రీ గారు పోయింది మెర్సిడెస్ కారులో, వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చుని. అంతకు మించిన పరువున్న కారు మన పెళ్లిళ్లకు వస్తుందా?

అందుకని చెల్లీ, ఆయన స్టీరింగు పట్టుకుని మురిసిపోతుంటే నువ్వు వెళ్లి వెనక సీట్లో కూర్చో. బెల్టు లాగి చూడు. బకిలు సీటు సందులో దూరిపోయి వేళ్లకు అందకపోతే అది ఎవరూ పెట్టుకోని బెల్టు అవుతుంది. నడుమ సీటుకు కూడా భుజం మీంచి వచ్చే బెల్టు ఉందో, నడుముకు చుట్టే పట్టీ ఒకటే ఉందో చూడు. తల వెనక దిండు మూడు చోట్లా ఉండాలి. సీటు వీపుకూ కూర్చునే చోటుకూ మధ్య వేళ్లు పెట్టి తడుముతే రెండు ఇనుప కొంకులు తగులుతాయి, ఐసోఫిక్స్ అంటారు. చంటిపిల్లల సీటు వాటికే బిగిస్తారు. ఒళ్లో బిడ్డను పొదివి పట్టుకున్నాం కదా అనుకుంటాం గానీ, ఆ కుదుపులో ఏ తల్లి చేతులూ ఆపలేవమ్మా. బెల్టు వెనకవాళ్లకూ చట్టమే, పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది.

అత్తగారిని వెంట తీసుకెళ్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషి వంగి ఎక్కి, ఆసరా లేకుండా దిగగలిగితే ఆ కారు ఎత్తు సరిపోయినట్టే. వెనక ఏసీ గాలి వస్తుందో లేదో చూడు, మన మే నెల ఎండలు నీకు నేను చెప్పాలా! సన్‌రూఫ్ అని పైన అద్దం పెట్టి వేలకు వేలు అడుగుతారు. అది తీసి నిలబడితే పిల్లలకు సరదా, బండి పోతుండగా అంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు. ఆ డబ్బుతో ఆరు ఎయిర్‌బ్యాగులున్న రకం వస్తుందేమో అడుగు. ఇప్పుడు చాలా చిన్న కార్లలో అన్ని రకాలకీ ఆరూ ఇస్తున్నారు. లేత గోధుమ రంగు సీట్లు చూడ్డానికి బాగుంటాయి, ఆవకాయ జాడీతో పుట్టింటి నుంచి ఒక్కసారి వస్తే తెలుస్తుంది.

మా ఇంటి సంగతీ చెప్పేస్తాను. కొన్నేళ్ల కింద మేమూ పేరు చూసే ఒక కారు కొన్నాం. కంపెనీ పేరు రాయను. గేదె అడ్డం వచ్చి ముందు లైటు పగిలింది. విడిభాగం దొరకదన్నారు, హైదరాబాదు పొమ్మన్నారు. నూట ముప్ఫై కిలోమీటర్ల పైమాట. మూడు వారాలు ఆ దర్జా కారు షెడ్డులో, మేము ఆటోలో. అప్పట్నుంచీ కారు చూడక ముందే సర్వీసింగ్ ఎక్కడ, అద్దం పగిలితే ఎన్నాళ్లు అని అడుగుతున్నాను. సూర్యాపేటలోనో కోదాడలోనో మెకానిక్ చేయి పడిన బండి అయితే సగం దిగులు తీరినట్టే.

డబ్బు మాట. ప్రకటనలో రాసేది షోరూము ధర. లైఫ్ ట్యాక్సూ, ఇన్సూరెన్సూ కలిపి రోడ్డెక్కే ధర కాగితం మీద రాయించుకో. ఏడు లక్షలు 9 శాతం వడ్డీకి అప్పు తెస్తే, అయిదేళ్లకయితే నెలకు సుమారు 14,530, ఏడేళ్లకయితే 11,260. నెలకు మూడు వేలు తగ్గిందని సంతోషిస్తాం. మొత్తం కట్టేది మాత్రం ఏడేళ్ల లెక్కలో దాదాపు 74 వేలు ఎక్కువ. అందుకే కిస్తీ ఎంత అని కాదు, చివరికి ఎంత అని అడుగు. పేరు కోసం పైన లక్ష పెట్టాలనుకుంటే, ఆ లక్షకు ఏం వస్తోందో ఆయన్నే చెప్పమను. చుక్కలు పెరిగితే సరే. బానెట్ మీద బొమ్మ ఒక్కటే మారితే, అప్పుడు నీ మాట గట్టిగా చెప్పు.

వెళ్లేటప్పుడు బాబును కూడా తీసుకుపో, స్కూలు బ్యాగుతో సహా. వాడు బెల్టు తనంతట తాను పెట్టుకోగలిగాడో లేదో, అత్తయ్య దిగేటప్పుడు ఏమన్నారో నాకు రాయి.