ఇది నీళ్లపీపా దగ్గరి కబురు కాదు

ఇంగ్లిషులో ‘స్కటిల్‌బట్’ అనే మాట ఉంది. ఆధారం లేకుండా నోటినుంచి నోటికి పాకే గాలివార్త అని దాని అర్థం. ఆ మాట ఎలా పుట్టిందో తెలుసుకుంటే, మన సముదాయంపై జరుగుతున్న ఒక అన్యాయానికి ఎంత మెత్తని పేరు పెడుతున్నారో అర్థమవుతుంది.

తెరచాప ఓడల కాలంలో మంచినీటిని ‘బట్’ అనే పెద్ద చెక్కపీపాల్లో నిల్వ చేసేవారు. ‘స్కటిల్’ అంటే రంధ్రం చేయడం. నావికులు ముంచుకుని తాగడానికి వీలుగా ఒక పీపాకు రంధ్రం చేసి ఓడ డెక్కు మీద ఉంచేవారు. దాహం తీర్చుకోవడానికి వచ్చినవారు అక్కడ కాసేపు నిలిచి, రేవు ఎప్పుడు వస్తుందో, పై అధికారి ఎందుకు మండిపడుతున్నాడో చెప్పుకునేవారు. 20వ శతాబ్ది ఆరంభానికి అమెరికా నౌకాదళంలో ఆ పీపా పేరే కబురుకు పేరయింది. ఆస్ట్రేలియాలో వాడే ‘ఫర్ఫీ’ అనే మాట కథ కూడా ఇటువంటిదే. షెపర్టన్ పట్టణంలో జాన్ ఫర్ఫీ కర్మాగారం తయారుచేసిన నీళ్లబండ్లు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనిక శిబిరాలకు నీరు చేరవేసేవి. బండి చుట్టూ చేరిన సైనికుల కబుర్లకు దానిపై రాసి ఉన్న ఇంటిపేరే అంటుకుంది. మన ఊళ్ల బావిగట్టు కబుర్లూ ఆ కోవకు చెందినవే.

ఆ పీపా దగ్గర మాట్లాడినవాని ముఖం అందరికీ కనిపించేది. అబద్ధమని తేలితే మరునాడు అదే పీపా దగ్గర అతడే నవ్వులపాలయ్యేవాడు. ఆ కబురు వారందరూ కలిసి ప్రయాణిస్తున్న ఓడ గురించే. ఓడ మునిగితే చెప్పినవాడూ, విన్నవాడూ కలిసే మునుగుతారు.

మన మీద వ్యాపించే కబుర్లు అటువంటివి కావు. చెప్పినవాని ముఖం ఉండదు. ఎవరిని గురించి చెబుతున్నారో వారు అక్కడ ఉండరు. అబద్ధమని తేలేనాటికి మునిగేది ఒకరి ఇల్లే. చెప్పినవాడు గట్టుమీదే ఉంటాడు. అయినా మన పత్రికలు ‘వదంతులు వ్యాపించాయి’ అని రాసి ఊరుకుంటాయి. వదంతులకు కాళ్లున్నాయా? వాటిని ఎవరో తయారుచేశారు, ఎవరో పంపారు. ఆ ‘ఎవరో’ను వాక్యంలోనుంచి తొలగించడమే మొదటి అన్యాయమని మేము అంటున్నాము.

2013లో ముజఫర్‌నగర్ మారణకాండకు ముందు, పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో 2010లో జరిగిన హత్యల దృశ్యాన్ని కవాల్ గ్రామంలో జరిగినట్లుగా పంచిపెట్టారు. అల్లర్లలో 60 మందికి పైగా మరణించారు. సియాల్‌కోట్ దృశ్యం తనంతట తాను ముజఫర్‌నగర్‌కు నడిచి రాలేదు. 2018 జులై 13న హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజనీరు మిత్రులతో కలిసి బీదర్ జిల్లాకు వెళ్లి, దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచాడు. పిల్లల్ని ఎత్తుకుపోయేవారు వచ్చారని వాట్సాప్‌లో సందేశం వెళ్లింది. ముర్కి గ్రామం వద్ద దారికి అడ్డుపడిన గుంపు అతణ్ణి కొట్టి చంపింది. 2020 మార్చి తర్వాత నిజాముద్దీన్ మర్కజ్‌ను సాకుగా చేసుకుని దేశమంతటి ముస్లింలను వ్యాధి మోసుకొచ్చేవారిగా చిత్రించారు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని, ప్రసార సాధనాలు పెద్దఎత్తున దుష్ప్రచారం చేశాయని వ్యాఖ్యానించింది. వారికి ఆశ్రయమిచ్చారన్న ఆరోపణపై 70 మంది భారతీయుల మీద పెట్టిన కేసులను ఢిల్లీ హైకోర్టు కొట్టివేసేసరికి 2025 జులై వచ్చింది. నింద వేయడానికి ఒక సాయంత్రం చాలింది. తుడవడానికి అయిదేళ్లు పట్టింది.

దీనికి సరైన పేరు మన దీన్‌లో ఉంది. ఒకరి వెనుక ఉన్న లోపాన్ని చెప్పడం గీబత్. లేని దోషాన్ని అంటగట్టడం బుహ్తాన్. తెలుగులోనూ దీనికి దీటైన మాట ఉంది: నీలాపనింద. మన పొరుగిళ్లలో వినాయక చవితి నాడు చెప్పుకునే శమంతకమణి కథలో, నిందపడిన శ్రీకృష్ణుడే అడవికి వెళ్లి మణిని వెతికి తెచ్చి తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవలసి వచ్చింది. ఆ కథ తెలిసిన సమాజం, నింద మోస్తున్న పొరుగువాని బాధను అర్థం చేసుకోలేదా?

ఈ ప్రశ్న మనలను మనం కూడా వేసుకోవాలి. 2018 మేలో పాతబస్తీలోని చాంద్రాయణగుట్టలో, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అన్న పుకారును నమ్మి గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను చంపింది. అది మన ఇళ్ల నడుమ జరిగింది. కబురు వచ్చినప్పుడు నిజానిజాలు విచారించకుండా ఒక జనసమూహానికి హాని తలపెట్టవద్దని సూరా హుజురాత్ 6వ ఆయత్ ఆదేశిస్తోంది. ఆ ఆదేశం శత్రువుల కోసం కాదు, విశ్వాసుల కోసం వచ్చింది. బుహ్తాన్‌కు గురైన సముదాయం తన చేతితో మరొకరిపై బుహ్తాన్ వేస్తే, న్యాయం అడిగే హక్కును తానే పలచబరచుకుంటుంది.

బీదర్ ఘటన జరిగిన నాలుగు రోజులకే, 2018 జులై 17న, సుప్రీంకోర్టు మూకహత్యలపై తీర్పునిచ్చింది. ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలని, బాధ్యతారహితమైన, రెచ్చగొట్టే సందేశాలను పంచేవారిపై కేసులు నమోదు చేయాలని, బాధితులకు పరిహార పథకం ఉండాలని ఆదేశించింది. నేటి భారతీయ న్యాయ సంహితలో 196, 353 సెక్షన్లు విద్వేషాన్నీ, దాన్ని రగిలించే పుకార్లనూ నేరంగానే పరిగణిస్తున్నాయి. చట్టం లేదన్న సాకు ఇక చెల్లదు.

అందుచేత తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలను మేము అడుగుతున్నాము: మీ జిల్లాల్లో ఆ నోడల్ అధికారి ఎవరు? అతని పేరు, ఫోన్ నంబరు ప్రతి పోలీసు స్టేషను గోడపై రాయండి. దెబ్బలు తిన్నవానిపై ఎదురుకేసు పెట్టే ముందు, మొదటి సందేశం పంపినవాణ్ణి వెతకండి. పత్రికలకు మా విన్నపం ఒక్కటే. నిందను మొదటి పేజీలో వేసినవారు, అది అబద్ధమని తేలిన తీర్పును కూడా మొదటి పేజీలోనే వేయాలి.

మన కుటుంబాలు చేయవలసిన పని కూడా ఉంది. మన మీద విషం చిమ్మే సందేశం వస్తే కోపంతో మరో పదిమందికి పంపవద్దు. మన చేతులమీదుగానే అది ఊరంతా తిరుగుతుంది. తేదీ, సమయం, పంపిన నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. మస్జిద్ కమిటీలో చదువుకున్న ఇద్దరు యువకులకు ఈ బాధ్యత అప్పగించండి.

నావికులు తమ పీపాకు తామే రంధ్రం చేసుకున్నారు, అది దాహం తీర్చింది. ఈ దేశమనే ఓడలో ఇప్పుడు కొందరు రంధ్రం చేస్తున్నది పీపాకు కాదు, ఓడ అడుగుకు. దాన్ని కబురని పిలవడం మానుదాం, నేరమని పిలుద్దాం.