ఆట కట్టేశాక ఊరి సంగతి?

గోవా పొదిలికి మరీ దూరమేమీ కాదు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వాస్కోలో దించుతుంది. పొగాకు డబ్బులు చేతిలో ఆడే వేసవి నెలల్లో నలుగురు స్నేహితులు కూడి అటు బయల్దేరడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. సముద్రం చూసొస్తామని ఇంట్లో చెబుతారు. పణజిలో మాండవి నది మీద రాత్రంతా వెలిగే కేసినో పడవల ఊసు మాత్రం ఎత్తరు.

ఆ పడవల జాతకమే ఇప్పుడు ఎటూ తేలడం లేదు. 1976లో చేసిన జూద నిషేధ చట్టాన్ని గోవా 1992లో సవరించి ఐదు నక్షత్రాల హోటళ్లలో జూద యంత్రాలకు తలుపు తీసింది. 1996లో నీటి మీద ఆటకూ వీలిచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు పడవలను నదిలోంచి పంపించేస్తామని చెబుతూనే గడువు పొడిగిస్తూ వచ్చాయి. మోపా విమానాశ్రయం దగ్గరికి తరలిస్తారన్న మాట ఏళ్ల తరబడి నానుతోంది. ఈలోగా పందేలకు కొనే చిప్పుల పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ 2023 అక్టోబరు 1న వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతమైంది. స్థానికులకు ఆ బల్లల దగ్గరికి ప్రవేశం లేదని గోవా ప్రభుత్వం 2020లోనే తేల్చింది. అంటే అక్కడ ఓడిపోయే బాధ్యత పూర్తిగా మనలాంటి పొరుగువాళ్లదే!

ఆ పడవలు పోతే పోనీ, పీడా విరగడవుతుంది అనుకోవడం సహజం. ఆ ఆట కిటుకు తెలిస్తే మరీను. రౌలెట్ చక్రంలో 37 గళ్లుంటాయి. ఒక్కో గడి మీద వంద చొప్పున పెడితే మొత్తం 3,700. బంతి ఏదో ఒక గడిలో పడి తీరుతుంది. ఆ గడి మీద కాసినవాడికి తన వందతో కలిపి 3,600 ఇస్తారు. మిగిలిన వంద బల్లది. మోసం ఉండదు, ఎవరి చేతివాటమూ అక్కర్లేదు. చక్రం తిరిగినంతసేపూ ఆ వంద అటు చేరుతూనే ఉంటుంది. అదృష్టాన్ని ఆడేవాళ్ల మధ్యే పంచుతారు, లెక్క మాత్రం బల్ల దగ్గరే ఉంటుంది.

అయితే అలాంటి బల్లలు మూతపడ్డ ఊళ్ల సంగతి కూడా చూడాలి. అమెరికాలో అట్లాంటిక్ సిటీ ఒకప్పటి పేరున్న సముద్రతీర విహార కేంద్రం. చిక్కిపోతున్న ఊరిని నిలబెడతాయని 1976లో జనం ఓటేసి కేసినోలను ఒప్పుకున్నారు. 1978లో మొదటిది తెరిచారు. చాలాకాలం ఆ దేశపు తూర్పు తీరంలో దానికి పోటీ లేదు. తర్వాత ఇరుగుపొరుగు రాష్ట్రాలూ అదే దుకాణం పెట్టాయి. 2014 ఒక్క ఏడాదిలోనే అక్కడ నాలుగు కేసినోలు మూతపడ్డాయి. అందులో ఒకటి 240 కోట్ల డాలర్లతో కట్టింది, రెండున్నరేళ్లు కూడా నడవలేదు. దాదాపు 8,000 మంది ఉద్యోగాలు పోయాయి. పందెం కాసేవాళ్లు మరో ఊరు చూసుకున్నారు. పేకలు పంచిన అమ్మాయికీ, వంటవాడికీ, గదులు ఊడ్చిన మనిషికీ ఆ వెసులుబాటు లేదు. 2016లో ఆ ఊరి పాలన పగ్గాలు రాష్ట్రమే చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది.

జూదం అంతరించిందా అంటే లేదు. మన దగ్గరా అంతే. క్లబ్బులు మూయిస్తే పేకాట తోటల్లోకి పోయింది, తోటల మీద దాడులు చేస్తే సెల్‌ఫోన్‌లోకి దూరింది. ఆన్‌లైన్ రమ్మీని ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చింది. ఆట ఎక్కడికైనా మకాం మార్చగలదు. ఊరికి ఆ వీలు లేదు.

ఇది పణజి వాళ్ల గొడవ, మనకెందుకు అనుకోవడానికి పొదిలికి వీల్లేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి 40 శాతం పన్ను జాబితా రాసినప్పుడు కేసినోలనూ సిగరెట్లనూ ఒకే వరుసలో కూర్చోబెట్టింది. అలాగని పొగాకు రైతును జూదరితో పోల్చడం అన్యాయం. ఆయన పోలిక వస్తే పడవలో కొలువు చేసే కుర్రాడితోనే. అమ్మే సరుకు మంచిదా చెడ్డదా అన్నది ఇద్దరి చేతుల్లోనూ లేదు, దాని మీద వచ్చే పన్ను వద్దనే ప్రభుత్వమూ లేదు.

పొదిలి వేలం కేంద్రంలో ఒక పూట నిలబడితే ఈ సంగతి బోధపడుతుంది. బేళ్లు వరసగా పేర్చి ఉంటాయి. ఆకు ఆరబెట్టే బ్యారన్‌కు కట్టెల ఖర్చు, కూలీల ఖర్చు, కౌలు అన్నీ ఆ బేళ్లలోనే ఉన్నాయి. కొనుగోలుదారులు వరస వెంట నడుస్తారు, ఒక్కో బేలు దగ్గర నిలిచేది కొన్ని క్షణాలే. ధర పలికితే సరి, ఎవరూ పాడక నోబిడ్ అయితే బేలు తిరుగుముఖం. గుంటూరు కేంద్రంగా 1976లో పొగాకు బోర్డు పుట్టి, తర్వాత వేలం వచ్చాక వర్జీనియా పొగాకు రైతుకు ఈ మాత్రం ఆసరా అయినా దొరికింది. నల్ల బర్లీ రకం వేసినవాళ్లకు అదీ లేదు. 2025లో కంపెనీలు మొహం చాటేస్తే ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను దింపి కొనిపించాల్సి వచ్చింది.

ధర బాగున్న ఏడాది ప్రత్యామ్నాయ పంటల మాట ఎవరికీ రుచించదు. ధర పడిన ఏడాది మాట్లాడదామంటే చేతిలో పెట్టుబడి ఉండదు. రాబడి ఉన్నప్పుడు వేరే దారి చూసుకోకపోవడమే అట్లాంటిక్ సిటీ చేసిన పొరపాటు. రాబడిలో కొంత ఊరి బాగుకు పెట్టాలని చట్టం చేశారు గానీ, అందులో కొంత తిరిగి కేసినోల విస్తరణకే పోయింది. పణజికి ఇంకా వ్యవధి ఉంది. పొదిలికి అంతకన్నా ఎక్కువే ఉంది. వెలిగొండ ప్రాజెక్టు నీరు ఈ మెట్టకు పూర్తిగా అందితే, నడికుడి–శ్రీకాళహస్తి రైలు పొదిలి మీదుగా నడిస్తే, మరో పంటకూ మరో పనికీ చోటు దొరుకుతుంది. ఆ రెండూ త్వరపడాలి. పొగాకు మీద వచ్చే పన్నులో ఒక వాటా పొగాకు పండే మండలాల్లోనే వేరే పంటకు, దాని మార్కెట్‌కు, శీతల గిడ్డంగులకు కేటాయిస్తే ప్రభుత్వం చేసేది దానమేమీ కాదు. చెడ్డ సరుకు అంటూనే ఇన్నేళ్లు తిన్నందుకు అది కట్టాల్సిన బాకీ.